రాత్రి రెండింటిదాకా ఏం చేస్తున్నాడు?

కాకినాడనుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అంతా ఇక్కడ ఇవ్వడానికి చోటు చాలదు. సారాంశం ఇదీ:

"మా అబ్బాయి ఇక్కడే ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవుల్లో, ఇంట్లో వున్న ఒక్క కంప్యూటరులోనూ అంతకుముందున్నది తీసేసి, డెబియన్ అనే లినక్సు పెట్టాడు. అందులోనూ 'అన్‌స్టేబుల్' రకమట. పేరే నిలకడ లేనిదైతే, దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకోవడమేమిటండీ? పదిరోజులు బాగానే వుంటుంది. పదకొండోరోజున తెర నల్లబడుతుంది. ఇక వాడు అన్నం కూడా తినకుండా రాత్రి రెండింటిదాకా దానిముందే. మావారి పెన్షను కాగితాలు, అమ్మాయి పెళ్లి ఫోటోలు అన్నీ అందులోనే వున్నాయి. మొన్న మావారు కోపం పట్టలేక 'ఆ పెట్టెను నూతిలో పారేస్తా'నన్నారు. తండ్రీకొడుకులు మాట్లాడుకుని మూడురోజులైంది. వాణ్ణి మానిపించమంటారా? మావారికే సర్దిచెప్పమంటారా?"

అమ్మా, రెండూ అక్కరలేదు. ఇద్దరిమాటలోనూ సగం సగం న్యాయముంది. ముందు ఈ 'అన్‌స్టేబుల్' సంగతేమిటో తెలుసుకుంటే, ఎవరికి ఏం చెప్పాలో మీకే తోస్తుంది.

1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థి, యూనిక్సు పద్ధతిలో నడిచే ఒక 'కెర్నెలు' రాసి, పదిమంది ముందూ పెట్టాడు. కెర్నెలంటే యంత్రానికీ మన పనులకీ మధ్య నిలబడి అన్నీ చక్కబెట్టే పెద్దమనిషి. కాని ఒక్క పెద్దమనిషితో సంసారం నడవదు గదా! గిన్నెలూ, తపేలాలూ, పొయ్యీ, పొత్రమూ అన్నీ కావాలి. 1993లో అమెరికాలో ఇయన్ మర్డాక్ అనే మరో విద్యార్థి ఆ సరంజామా అంతా ఒక పద్ధతి ప్రకారం సమకూర్చే పని మొదలుపెట్టాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరూ, తన పేరూ కలిపి 'డెబియన్' అన్నాడు. నేటికీ దాన్ని తయారు చేసేది కంపెనీ కాదు, దేశదేశాల్లోని స్వచ్ఛంద సేవకులు. 2023లో వారి వార్షిక సమావేశం మన కొచ్చిలోనే జరిగింది.

వారి దగ్గర మూడు అరలున్నాయి: అన్‌స్టేబుల్, టెస్టింగ్, స్టేబుల్. ఇది మనకు కొత్తేమీ కాదు. ఆవకాయ కలిపినరోజునే జాడీకి వాసెన కట్టేస్తామా? మూడోరోజున తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె చాలిందో లేదో చూసి, అప్పుడు గదా కడతాం! కొత్తగా కలిపినది అన్‌స్టేబుల్. కొద్దిరోజులు అక్కడ వుండి, పెద్ద తప్పులేవీ బయటపడకపోతే టెస్టింగ్ అరలోకి వెడుతుంది. సుమారు రెండేళ్లకోసారి అంతా సరిచూసి, వాసెన కట్టి ఇచ్చేది స్టేబుల్. 2025 ఆగస్టులో వచ్చిన 13వది అలాంటిదే. ప్రతిదానికీ 'టాయ్ స్టోరీ' సినిమాల్లోని పాత్రల పేర్లు పెడతారు. అన్‌స్టేబుల్ పేరు మాత్రం ఎన్నడూ మారదు. దాని పేరు 'సిద్'. వాటిలో మొదటి సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పొరుగింటి కుర్రవాడి పేరది. పెట్టినవాళ్లకు హాస్యమూ తెలుసు, నిజమూ తెలుసు.

అంటే మీ అబ్బాయి ఇంటికి తెచ్చింది పాడైన సరుకు కాదు, ఇంకా ఊరని ఊరగాయ. దాన్ని రుచి చూసేవాళ్లు లేకపోతే, మనందరికీ మంచి జాడీ అందదు.

నేనిలా ధైర్యంగా చెప్పడానికి కారణముంది. ఈ సిద్ మా ఇంట్లోనూ రెండేళ్లుగా కాపురముంటున్నాడు. మా మరిది కొడుకు వద్దంటున్నా వినకుండా పెట్టించుకున్నాను. ఒకనాటి సాయంత్రం, తెల్లవారితే ఈ శీర్షికకు రాసినది పంపాలి. పొయ్యిమీద వంకాయకూర. ఆ సందులో 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్' అని కొట్టాను. అది నిదానంగా మూడు జాబితాలు చూపించింది: కొత్తగా వచ్చేవి ఇవి, మారేవి ఇవి, తీసివేసేవి ఇవి. మూడో జాబితా చాలా పొడుగ్గా వుంది. కింద 'కానిమ్మంటారా?' అని అడిగింది. కూర మాడువాసన వస్తోంది. ఏమీ చదవకుండా 'ఊఁ' అన్నట్టు వై నొక్కి వంటింట్లోకి పరుగెత్తాను.

తిరిగివచ్చి యంత్రాన్ని మళ్లీ తెరిస్తే, బొమ్మల్లేవు, కిటికీల్లేవు. నల్లని తెరమీద 'లాగిన్' అన్న ఒక్క మాట. నా ప్రాణం గిలగిల్లాడింది. పదేళ్ల రాతలు!

మరిది కొడుక్కి ఫోను చేశాను. "పెద్దమ్మా, ఏడవకు. పేరడుగుతోందంటే బతికే వుందన్నమాట. పేరూ, పాస్‌వర్డూ చెప్పు" అన్నాడు. చెప్పాను. వాడు చెప్పిన రెండక్షరాలు కొట్టగానే నా రాతలన్నీ వరసగా కనిపించాయి. తీసివేతకు గురైనవి ప్రోగ్రాములే, నా కాగితాలు కావు. తరవాత ఆప్ట్ రాసుకునే చిట్టా తెరవమన్నాడు. ఏ నిమిషాన ఏది పెట్టిందీ, ఏది తీసిందీ అందులో రాసివుంది. "చూశావా పెద్దమ్మా, ఏడుగంటల పదమూడు నిమిషాలకు అడిగింది. నువ్వే సరేనన్నావు!"

జరిగింది ఏమంటే, చాలా ప్రోగ్రాములకు ఆధారమైన ఒక లైబ్రరీ ఆ వారం మారింది. దానికి తగ్గట్టు కొన్ని ప్రోగ్రాములు కొత్తగా తయారై వచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు. కొత్తది పెట్టాలంటే పాతవాటిని తీసెయ్యాలి. యంత్రం ఆ మాటే నాకు చెప్పింది. నేను వినలేదు. ఉత్త 'అప్‌గ్రేడ్' అని వుంటే, అది వున్నదేదీ తీసేది కాదు. నాలుగు రోజులు ఆగినా బాగుండేది. ఆ రాత్రి రాసినదాన్ని పెన్‌డ్రైవులోకి ఎత్తి, పక్కింటివారి కంప్యూటరునుంచి పంపాను. ఆరోరోజున తీసివేసినవన్నీ మళ్లీ పెట్టుకున్నాం. కూర మాత్రం మాడింది.

ఇక, మీవారికి చెప్పవలసిన కథ ఒకటుంది.

ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న ప్రోగ్రాము లోకంలో లెక్కలేనన్ని యంత్రాల్లో వుంది. దాన్ని జీతం భత్యం లేకుండా ఒక్కడే ఏళ్లతరబడి చూసుకుంటూ వచ్చాడు. 'జియా టాన్' అన్న పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకుపైగా బుద్ధిగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరకు అందులో ఒక దొంగదారి పెట్టారు. దూరాన్నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే తలుపుకు మారుతాళం చెవిలాంటిదది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ సరుకు సిద్‌లోకి వచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగితే అన్ని జాడీల్లోకీ ఎక్కేది.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పనేదో కొలుచుకుంటూ, సిద్ నడుస్తున్న యంత్రంలో ఒక చిన్న తేడా గమనించాడు. లాగిన్ కావడానికి మునుపటికంటే దాదాపు అరసెకను ఎక్కువ పడుతోంది. అరసెకను! మనమైతే ఏమంటాం? 'ఏదోలే' అంటాం. ఆయన అనలేదు. తీగలాగుతూ పోయి, డొంకంతా కదిలించి, 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. వెంటనే అందరూ ఆ సరుకును వెనక్కి తీసుకున్నారు. డెబియన్ స్టేబుల్‌కు అది చేరనే లేదు.

అన్నం వుడికే చప్పుడులో తేడా విని, వసారాలోనుంచే 'ఎసరు చాలలేదే' అనే అమ్మమ్మలు మనకు తెలుసు. ఆయన చేసినదీ అదే. మీ అబ్బాయి రాత్రి రెండింటిదాకా నేర్చుకుంటున్న విద్యకూడా అదే, సవ్యంగా నేర్చుకుంటే.

ఆ 'సవ్యంగా' అన్నచోట మీవారు చెప్పినది ముమ్మాటికీ నిజం. పెన్షను కాగితాలు, పెళ్లి ఫోటోలు సిద్ చేతిలో పెట్టడం పసివాడిచేతికి గాజుబుడ్డి ఇవ్వడమే. మీ అబ్బాయికి నా తరఫున ఈ షరతులు చెప్పండి.

మొదటిది: ఈ ఆదివారమే కాగితాలూ ఫోటోలూ రెండుచోట్లకు ఎత్తాలి. ఒకటి ఇంట్లో విడి డిస్కులో, రెండోది ఇంటిబయట, మీ అమ్మాయి దగ్గరైనా సరే. ఎత్తిన తరవాత తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు నకలు కాదు.

రెండోది: అదే యంత్రంలో ఒక భాగం స్టేబుల్‌కు కేటాయించాలి. ఇంటిల్లిపాదికీ అది, ప్రయోగాలకు మిగతాది. స్టేబుల్ పెట్టేటప్పుడు భాషల పట్టికలో తెలుగుకూడా కనిపిస్తుంది. ఆ పని తండ్రిచేత చేయిస్తే మరీ మంచిది.

మూడోది: 'తీసివేసేవి' అన్న జాబితా చదవకుండా వై నొక్కరాదు. పరీక్షల వారంలో అసలు ముట్టుకోరాదు.

నాలుగోది: ఏ అమరిక మార్చినా ముందు పాత ఫైలుకు నకలు తీసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చినది నోటుపుస్తకంలో రాయాలి. నాలుగు మార్చి చూస్తే, ఏది కుదిర్చిందో, ఏది చెడగొట్టిందో బ్రహ్మకూడా చెప్పలేడు.

అయిదోది: కొత్త కెర్నెలు లేవకపోతే, మొదటి తెరలోనే 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' కింద పాత కెర్నెలు వుంటుంది. దానితో లేపి, క్రితంసారి ఎందుకు పడిపోయిందో 'జర్నల్‌సీటీఎల్' చిట్టాలో ఎర్రగా కనిపించే వరసలు చదవాలి. ఊహించడం తరవాత, చదవడం ముందు.

ఆరోది: తప్పు దొరికితే డెబియన్ వారికి రాయాలి. ఏం చేశాను, ఏమవుతుందనుకున్నాను, ఏమయింది - ఈ మూడూ తేటగా రాయాలి. ఇంట్లో పడ్డ తంటాకు లోకానికి ఉపకారం అప్పుడే. రుచి చూసి ఊరుకున్నవాడు తిన్నవాడే. ఉప్పు తక్కువైందని చెప్పినవాడు వండినవాళ్లలో ఒకడు.

మీకు, అమ్మా, ఒక్కటే చెబుతాను. ఈసారి తెర నల్లబడ్డ రాత్రి, మావారిని నిద్రపుచ్చి వాడికి కాపలా కాయకండి. ఆయన్ని కూడా కుర్చీ వేసుకుని పక్కన కూర్చోమనండి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఎన్ని చిట్టాలు తిరగేసి వుంటారో! లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకునే చూపు పెద్దవాళ్లకుంటుంది, దాన్ని దిద్దే చెయ్యి పిల్లలకుంటుంది. 'నాన్నగారూ, ఈ వరస చదవండి' అని వాడు ఒక్కమాట అంటే, మూడురోజుల మౌనం తీరుతుంది.

కాని ముందు ఇద్దరికీ అన్నం పెట్టండి. ఆకలితో వున్నవాడు జాబితా చదవడు. ఆ సంగతి నాకు మాడిన వంకాయకూర చెప్పింది.