బ్లోయర్ మోటార్ మన చేతి పనే

కారులో చల్లగాలి రాకపోతే మన ఇళ్లలో మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయి ఉంటుంది". ఆ వెంటనే వచ్చేది "మనకెందుకు, షెడ్డుకు పంపిద్దాం" అని. మొదటి మాట చాలాసార్లు తప్పు. రెండోది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే మొదటిదాన్ని ఇన్నేళ్లుగా బతికిస్తున్నది అదే.

గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది గానీ ఫ్యాన్ తిరగడం ఆగదు. గాలే లేదంటే అనుమానించాల్సింది బ్లోయర్‌ని. ఏసీకీ హీటర్‌కీ గాలి తోసేది ఆ ఒక్క మోటారే. లంబసింగి చలిలోనో అరకు ఘాట్‌లోనో తప్ప మనకు హీటర్‌తో పనిపడదు కాబట్టి చాలామంది ఆ సంగతి పట్టించుకోరు. జోరువానలో ముందు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టినప్పుడు దారి చూపించేదీ ఆ బ్లోయరే.

మన దగ్గర అమ్మే చాలా కార్లలో ఆ మోటార్ ఎడమ సీటు ముందు, గ్లవ్ బాక్స్ వెనకో కిందో ఉంటుంది. గ్లవ్ బాక్స్ దించి, వైర్ల కప్లర్ ఊడదీసి, మూడు నాలుగు స్క్రూలు విప్పితే చేతిలోకి దిగుతుంది. గ్యాస్ పైపును గానీ కూలెంట్ పైపును గానీ ముట్టుకునే పనే లేదు. డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీస్తే తప్ప మోటార్ అందని కార్లూ కొన్ని ఉన్నాయి. వాటిని మెకానిక్‌కే అప్పగించండి. ఆ కొన్నింటిని చూపించి అన్ని కార్ల యజమానులనూ భయపెట్టడం మాత్రం అన్యాయం.

అసలు లాభం స్క్రూ విప్పకముందే ఉంది. మామూలు నాబ్ ఉన్న కారులో ఒకటి, రెండు, మూడు నంబర్లలో గాలి రాక నాలుగులో మాత్రం వస్తోందా? మోటార్ బాగానే ఉంది, పోయింది వేగాన్ని తగ్గించే రెసిస్టర్. పూర్తి వేగంలో కరెంటు దాన్ని దాటుకుని నేరుగా మోటారుకు వెళ్తుంది. మోటార్ హోరెత్తుతున్నా గాలి పలచగా వస్తే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. టకటకలాడితే వైపర్ల కింది జాలీలోంచి వేపాకు ఏదైనా ఫ్యాన్‌లోకి జారి ఉండొచ్చు. తట్టినప్పుడల్లా తిరిగి మళ్లీ ఆగిపోతుంటే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టే. అసలు కదలకపోతే ఫ్యూజ్ చూసి, కప్లర్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయో లేదో మీటర్‌తో చూడాలి. కప్లర్ మాడి ఉంటే దాన్నీ మార్చాలి, లేకపోతే కొత్త మోటార్ పెట్టినా అక్కడే మళ్లీ మాడుతుంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేయడం మాత్రం నిప్పుతో చెలగాటం. ఇంతమాత్రం తెలిసిన మనిషికి "మొత్తం సెట్టు మార్చాలి సార్" అని చెప్పి ఒప్పించడం కష్టం.

ఎయిర్‌బ్యాగ్ మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్యాటరీ నెగటివ్ తీసి, కారు మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్‌కు చెందిన పసుపు రంగు కప్లర్ల జోలికి వెళ్లకూడదు. జాగ్రత్త తెలియకపోతే నేర్చుకోవాలి. దాన్ని సాకుగా చూపి పని మానేయడం దేనికి?

బయట చేయి పెడితే వారంటీ పోతుందన్న భయం ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. అసలైన విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి వర్క్‌షాపులకు అందకుండా చేశారనీ, బయట రిపేరు చేయిస్తే వారంటీ పోతుందన్న షరతులు పెట్టారనీ ఆ ఉత్తర్వు తప్పుపట్టింది. కేసు ఆ తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. మనలోని భయం మాత్రం ఎక్కడికీ పోలేదు.

మెకానిక్ పొట్ట కొట్టినట్టవుతుందని మరికొందరి బాధ. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మేస్త్రీకి ఇంజిన్ పనులున్నాయి, గేర్‌బాక్స్ పనులున్నాయి. మన అజ్ఞానం మీద అతను బతకాలనుకోవడం అతని పనితనాన్ని చిన్నబుచ్చడమే. ఆ వాదన వెనక ఇంకొకటి దాగి ఉంది. అది చేతికి మట్టి అంటే పని మనది కాదన్న పాత అహం. పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించడానికి పొలాలమ్ముకున్న ఇళ్లలో స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నామోషీ కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు గురించి మాట్లాడటం మొదలుపెట్టి, వాహనాలనూ అందులో చేర్చింది. కారు కొన్న ప్రతివారికీ పూర్తి సర్వీస్ మాన్యువల్ తెలుగులో అందాలి, విడిభాగం నంబరు, ధర బయటపెట్టాలి. ఇవి మనం గట్టిగా అడగాలి. ఈలోగా మీ కారు గ్లవ్ బాక్స్ ఎలా దిగుతుందో ఈ ఆదివారమే చూసిపెట్టుకోండి.