శ్రీహరికోటకు ప్రయోగం లేని రోజున వెళ్లండి

పిల్లలకు రాకెట్టు చూపించాలన్న ఆలోచన రాగానే మన ఇళ్లలోనూ బడుల్లోనూ మొదట వినిపించే ప్రశ్న ఒకటే: శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో ఈసారి ప్రయోగం ఎప్పుడు? 2019 మార్చి 31న శ్రీహరికోటలో సందర్శకుల గ్యాలరీ ప్రారంభమైంది. ఆ మర్నాడే జనం అక్కడి నుంచి పీఎస్ఎల్‌వీ-సీ45 రాకెట్టు నింగికెగరడాన్ని చూశారు. అంతవరకు సూళ్లూరుపేట మేడల మీద, పులికాట్ ఒడ్డున నిలబడి చూసినవారికి ఒక చోటంటూ ఏర్పడింది. పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డు చూపిస్తే అయిదు వేల మంది కూర్చోగల గ్యాలరీలోకి రానిస్తారు. ఇది చాలా మంచి ఏర్పాటు, అందులో సందేహం లేదు. అయితే షార్‌లో గ్యాలరీ ఒక్కటే లేదు, అంతరిక్ష మ్యూజియం ఉంది, రాకెట్ గార్డెన్ ఉంది. ప్రయోగం కోసం పరుగులు పెట్టేవాళ్లకు ఇవి దారిలో కనిపించి దాటిపోయే వస్తువులైపోతున్నాయి. యాత్ర తేదీని ప్రయోగాన్ని బట్టి కాదు, మ్యూజియాన్ని బట్టి వేసుకోవాలని నా వాదన. ప్రయోగం చూడగలిగితే సంతోషమే, కానీ యాత్ర మొత్తం దాని మీద నిలబడకూడదు.

ప్రయోగం రోజున కంటికి నిజంగా దొరికేది ఎంత? పీఎస్ఎల్‌వీ 44 మీటర్ల ఎత్తు, దాదాపు 320 టన్నుల బరువు ఉంటుంది. దాని మొదటి దశ రెండు నిమిషాల లోపే మండిపోతుంది. గ్యాలరీలో కూర్చున్నవారికి ముందు వెలుగు కనిపిస్తుంది, దూరంలో ప్రతి కిలోమీటరుకూ సుమారు మూడు సెకన్ల ఆలస్యంతో చప్పుడు వచ్చి గుండెను తాకుతుంది. ఆకాశం తేటగా ఉంటే మరికాసేపు నిప్పు చుక్క కనిపిస్తుంది, మబ్బు పట్టి ఉంటే అదీ లేదు. రెండో దశ, మూడో దశ, నాలుగో దశ, ఉపగ్రహం విడిపోవడం అన్నీ ఆ తర్వాత తెర మీద గీతలుగా చూడాల్సిందే. అంటే రాకెట్టు చేసే పనిలో ఎక్కువ భాగం కళ్లెదుట జరగదు. కళ్లంలో ధాన్యపు రాశిని చూసి సేద్యం తెలిసిందనుకోవడం ఎలాంటిదో, ఆ రెండు నిమిషాలు చూసి రాకెట్టు తెలిసిందనుకోవడమూ అలాంటిదే. పైగా ఆ రెండు నిమిషాలకైనా పూచీ లేదు. 2019 జూలై 15న తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని ఇంకా 56 నిమిషాలుందనగా ఆపేశారు, వారం తర్వాత 22న పంపారు. 2024 డిసెంబరు 4న ప్రోబా-3 ఉపగ్రహాల ప్రయోగం కూడా చివరి గంటలో మర్నాటికి వాయిదా పడింది. ఆపడం సరైన నిర్ణయమే. అనుమానం ఉన్నప్పుడు ఆపగలగడమే ఆ శాస్త్రవేత్తల గొప్పతనం. కానీ శ్రీకాకుళం నుంచో కరీంనగర్ నుంచో బస్సు కట్టించుకుని, నలభై మంది పిల్లలతో వచ్చిన ఉపాధ్యాయుడికి ఒక రోజు వాయిదా అంటే యాత్ర మొత్తం పోవడమే.

మ్యూజియానికి వాయిదా ఉండదు. అక్కడ రాకెట్టు కదలదు, అందుకే దాని గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది. పీఎస్ఎల్‌వీ నమూనా ముందు ఒక్క ప్రశ్న వేస్తే చాలు: నాలుగు దశలు ఎందుకు, అవి ఒకటి ఘన ఇంధనం, ఒకటి ద్రవ ఇంధనం అంటూ మారిమారి ఎందుకు ఉన్నాయి? ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆపడానికి ఉండదు, కానీ ఒక్కసారిగా బోలెడు బలం ఇస్తుంది. ద్రవ ఇంధనంతో మంటను అదుపులో పెట్టుకోవచ్చు. ఖాళీ అయిన దశను మోసుకుపోవడం దండగ కాబట్టి వదిలేస్తూ పోతారు. ఎనిమిదో తరగతి పిల్లకు ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది, ఆ తర్వాత టీవీలో ఏ ప్రయోగం చూసినా ఆమె కళ్లు వేరేగా చూస్తాయి. ఇంకో ప్రశ్న: ఈ కేంద్రం ఇక్కడే ఎందుకుంది? తూర్పున సముద్రం ఉంది, భూమి తిరిగే దిక్కు కూడా అదే. ఇక్కడి నుంచి తూర్పుకు వదిలితే భూభ్రమణం వల్ల సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ఉత్తినే కలిసొస్తుంది. దక్షిణానికి వదలాలంటే మాత్రం శ్రీలంక అడ్డం. ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్ఎల్‌వీ దాన్ని తప్పించుకోవడానికి వంపు తిరగాలి, ఆ వంపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోయగలిగే బరువు తగ్గుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో 2024 ఫిబ్రవరి 28న రెండో ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేయడానికి ఇదే ముఖ్య కారణం. గోడ మీద ఒక్క మ్యాపు ఉంటే ఈ భూగోళ పాఠమంతా చెప్పవచ్చు.

మ్యూజియంలో తప్పక అడగాల్సినవి వైఫల్యాల గురించిన ప్రశ్నలని నా నమ్మకం. 1979 ఆగస్టు 10న తొలి ఎస్ఎల్‌వీ-3 అయిదు నిమిషాల పైచిలుకు ప్రయాణించి బంగాళాఖాతంలో పడింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం బిగుసుకుపోయి ఆక్సీకరణి కారిపోవడమే కారణం. ఏడాది తిరగకముందే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్ఎల్‌వీ విఫలమైంది, సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన ఒక తప్పూ అందులో ఉంది. ఆ తర్వాత అరవైకి పైగా ఎగిరి దేశానికి నమ్మకమైన వాహనంగా పేరు తెచ్చుకున్న ఆ రాకెట్టే 2025 మే 18న మూడో దశలో మళ్లీ తడబడింది. మన మరో రాకెట్టు జీఎస్ఎల్‌వీ కథ ఇంకా కఠినం. 2010 ఏప్రిల్ 15న మన సొంత క్రయోజెనిక్ (అతిశీతల ఇంధన) దశతో ఎగిరిన తొలి రాకెట్టు కూలింది, అదే ఏడాది డిసెంబరు 25న రష్యా నుంచి వచ్చిన దశతో ఎగిరింది కూడా కనెక్టర్లు ఊడిపోయి నాశనమైంది. మూడేళ్ల శ్రమ తర్వాత 2014 జనవరి 5న సొంత దశ పనిచేసింది. 2025 జూలై 30న నాసాతో కలిసి చేసిన నైసార్ ఉపగ్రహాన్ని మోసింది ఆ వంశానికి చెందిన రాకెట్టే. ఈ తేదీలను వరసగా పెట్టి చూపిస్తే విజయానికి ఎంత కాలం పట్టిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో పిల్లలకు తెలుస్తుంది. చప్పట్ల మధ్య ఎగిరిపోయే రాకెట్టు ఆ సంగతి చెప్పదు.

మరో తేదీ కూడా ఉంది. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనం తయారుచేసే చోట జరిగిన ప్రమాదంలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. అమెరికాలో కెనెడీ అంతరిక్ష కేంద్రం సందర్శకుల ప్రాంగణంలో 2015 నుంచి చాలెంజర్, కొలంబియా నౌకల శిథిలాల ముక్కలను ప్రదర్శనకు పెట్టారు, వాటితో పోయిన పద్నాలుగు మంది వ్యోమగాములను గుర్తుచేసే వస్తువులూ ఉంచారు. కల్పనా చావ్లా వారిలో ఒకరు. దుఃఖాన్ని దాచకుండా చూపినందువల్ల ఆ సంస్థ గౌరవం తగ్గలేదు. మన మ్యూజియాలు కూడా ఆ ఆరుగురికి, శ్రీహరికోట ద్వీపంలో తరతరాలుగా బతికి కేంద్రం వచ్చాక జీవితమే మారిపోయిన యానాదులకు గోడ మీద తగినంత చోటివ్వాలి. తిరువనంతపురం దగ్గర తుంబాలో మేరీ మగ్దలీన్ చర్చి ఇప్పుడు అంతరిక్ష మ్యూజియం. 1963 నవంబరు 21న మన దేశం నుంచి తొలి రాకెట్టు ఎగిరింది ఆ ఊళ్లోనే. ఆ చర్చిని, చుట్టూ ఉన్న నేలను శాస్త్రానికి విడిచిపెట్టిన మత్స్యకారులను తలచుకోకుండా ఆ కథ చెప్పడం కుదరదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. పిల్లల మనసును కదిలించేది నిప్పులు చిమ్ముతూ లేచే రాకెట్టే కానీ అద్దాల పెట్టెలు కాదు, ఆ ఒక్క దృశ్యంతోనే ఇంజినీరు కావాలన్న కోరిక పుడుతుంది అంటారు. పుట్టొచ్చు. ఉత్సాహం విలువను నేను తక్కువ చేయను. కానీ ఆ కోరికకు తిండి కావాలి. ఎద్దుల బండి మీద ఉన్న యాపిల్ ఉపగ్రహం ఫొటోను లక్షల మంది చూశారు. పేదరికంలోనూ సాధించాం అన్న గర్వం దానితో వస్తుంది. ఆ బండిని వాడిన అసలు కారణం వేరు. యాంటెన్నాను పరీక్షించేటప్పుడు చుట్టూ లోహం ఉంటే కొలతలు చెడతాయి, అందుకని కొయ్య బండిని ఎంచుకున్నారు. ఆ బండి వాడటం తెలివైన ఇంజినీరింగ్ నిర్ణయం. ఫొటో ఉత్సాహపరిచింది, ఆలోచన నేర్పింది మాత్రం దాని వెనకున్న వివరణ. అంతా ఫోనులో దొరుకుతుంది కదా అనేవారికీ ఇదే జవాబు. వీడియోలో పీఎస్ఎల్‌వీ 44 మీటర్లూ అరచేతిలో ఇమిడిపోతాయి, నమూనా పాదాల దగ్గర నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుడుతుంది. పరిమాణం ఒంటికి తెలియాలి.

రెండో అభ్యంతరం అందుబాటు గురించి. షార్ కట్టుదిట్టమైన భద్రత ఉన్న చోటు, అనుమతి లేనిదే కదలలేం. నిజమే, అందుకే ముందస్తు ప్రణాళిక కావాలి. బడి తరఫున చాలా ముందుగా లేఖ రాయాలి, విద్యార్థుల గుర్తింపు వివరాలు సిద్ధం చేసుకోవాలి, నియమాలు మారుతుంటాయి కాబట్టి అధికారిక ప్రకటనలు చూసుకుంటూ ఉండాలి. ఎండాకాలం వదిలి చలికాలం ఎంచుకుంటే పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూళ్లు కట్టిన పక్షులు కూడా ఆ ప్రయాణంలోనే కలిసొస్తాయి. అంత దూరం రాలేని తెలంగాణ బడులకు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఇస్రో తోడ్పాటుతో 2019లో తెరిచిన అంతరిక్ష మ్యూజియం ఉంది. ఆ నగరంలోనే రాకెట్ల మోటారు కవచాలకు మారేజింగ్ ఉక్కు అందించే మిధాని ఉంది, ఉపగ్రహాలు పంపే చిత్రాలను పంటల లెక్కకూ వరదల హెచ్చరికకూ పనికొచ్చేలా చేసే ఎన్ఆర్ఎస్‌సీ ఉంది. ఉపాధ్యాయుడు ఈ రెంటి సంగతీ తరగతిలో ముందే చెప్పి, ఒక్కో బృందానికి ఒక్కో వైఫల్యాన్ని అప్పగించి తీసుకెళితే పిల్లలు గోడల మీది రాతల్లో జవాబులు వెతుకుతారు.

ప్రభుత్వాలు చేయాల్సిందీ కొంత ఉంది. ద్వీపం లోపలి భద్రతను సడలించమని ఎవరూ అడగరు. పులికాట్ సరస్సుకు ఇవతల, సూళ్లూరుపేట రైల్వే స్టేషనుకు చేరువలో, అనుమతి పత్రాలతో పనిలేకుండా టికెట్ కొనుక్కుని ఎవరైనా లోపలికి వెళ్లగలిగే పెద్ద రాకెట్ మ్యూజియం రావాలి. దానిలో ప్రతి వివరణ మొదట తెలుగులో ఉండాలి, ప్రభుత్వ బడుల పిల్లలకు ప్రవేశం, బస్సు ఖర్చు రెండూ ఉచితం కావాలి. 2025 జనవరి 29న వందో ప్రయోగం దాటిన కేంద్రం ఆంధ్రప్రదేశ్ నేల మీద ఉంది. దాని చరిత్రను చూడటానికి ఏ తరగతి పిల్లకైనా ఏ శనివారమైనా వీలుండాలి.