శిబిరద్వారమున కృపాచార్యుడు

మన పాఠశాలలలో యుద్ధమును గూర్చిన పాఠము పెక్కుమారులు జయాపజయముల తేదీలతోను, సేనానుల నామములతోను, సంధిపత్రముల షరతులతోను ముగిసిపోవుచున్నది. ఆయుధము పట్టనివానికిని, పట్టినదానిని విడిచి ప్రాణభిక్ష వేడినవానికిని ఆ యుద్ధమున నేమి జరిగెనో, జరిపినవా రెవరో, చూచుచు మిన్నకున్నవా రెవరో అడుగుటకు అందు తావు లేదు. ఈ లోపమును తీర్చుటకు కృష్ణపట్నము మొదలు తడ వఱకు గల మన తీరసీమ ఉపాధ్యాయులు తొలుత దూరదేశముల గ్రంథములకై వెదక నక్కఱలేదు. పదమూడవ శతాబ్దిలో నెల్లూరియందే తిక్కన సోమయాజి తెనిగించిన మహాభారతపు పదునైదు పర్వములలో సౌప్తికపర్వమును, స్త్రీపర్వమును కలవు.

సౌప్తికమున అశ్వత్థామ క్రౌర్యము అందఱు నెఱిగినదే. కాని తరగతిలో విచారింపదగినవాడు కృపాచార్యుడు. నిద్రించువారిని, నిరాయుధులను వధించుట అధర్మమని, తెల్లవాఱువఱకు ఆగుమని మేనల్లునికి హితవు చెప్పినవా డాతడే; ఆ హితవు చెల్లకపోగా రథమెక్కి వెంట నరిగి, కృతవర్మతో గూడి శిబిరద్వారమున నిలిచి, నిద్రమేల్కని భయవిహ్వలులై చేతులు మోడ్చుచు వెలికి పరువెత్తినవారిని తెగటార్చినవాడును ఆతడే. ధర్మ మెఱుగక చేసినవాని పాపముకన్న, ఎఱిగి, నోట పలికి, పిదప ద్వారము కాచినవాని పాపమే విద్యార్థులకు ముఖ్యముగా తెలియవలసినది. ఏలయన ఏ యుద్ధమునందైనను అశ్వత్థామలు కొందఱే, ద్వారము కాచువా రనేకులు. స్త్రీపర్వమున గాంధారి శ్రీకృష్ణుని నిలదీసినదియు, ఆపగల శక్తి యుండియు ఉపేక్షించితివనియే గదా!

ఈ దృష్టితో ఇటీవలి చరిత్రను చదివింపవలెను. 1942, 1943 సంవత్సరములలో జపాను సైన్యము సయాము, బర్మాలను కలుపుచు 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయించెను. యుద్ధఖైదీలతోపాటు, మలయా రబ్బరుతోటలలో పొట్టపోసికొనుచుండిన తమిళులను, తెలుగువారిని మంచి కూలి దొరకునని ఆశచూపి కొందఱిని, బలాత్కారముగా మఱికొందఱిని ఆ యడవులకు తరలించిరి. 1943 వానకాలమున కలరా చెలరేగినపుడు మందు లేక, కడుపునిండ తిండి లేక కూలిబస్తీలకు బస్తీలే తుడిచిపెట్టుకొనిపోయినవి. మరణించిన యుద్ధఖైదీలు 12,000 పైచిలుకు. ఆసియా కూలీలు 90,000 వఱకు నుందురని అంచనా. కాంచనబురి శ్మశానవాటికలో ఖైదీల సమాధులపై పేర్లు చెక్కియున్నవి. కూలీలలో అత్యధికులకు పేరుగల సమాధియే లేదు. తోటతోటకు ఇందఱు కావలెనని లెక్కగట్టినవారును, సామానుపెట్టెలలో మనుష్యుల నెక్కించినవారును, జ్వరపీడితులను పనికి తోలినవారును అందఱును పుట్టుకతో క్రూరులని మనము తలపరాదు. అట్లు తలచినచో వారినుండి నేర్వవలసిన దేమియు మిగులదు.

నాడు పౌరజనులను కాపాడుటకు ప్రత్యేకమైన జెనీవా ఒడంబడిక లేదు. ఆ మహాసంహారము ముగిసిన పిమ్మట 1949 ఆగస్టు 12వ తేదీన నాల్గవ ఒడంబడిక వెలసినది. 1960లో జెనీవా ఒడంబడికల చట్టము మన దేశమున నేర్పడినది. ఈ శాసనముల పేర్లనేగాక, ఎందఱి మరణము వెనుక నవి పుట్టినవో విద్యార్థులకు తెలుపవలెను.

అయితే బోధనలో రెండు జాగ్రత్తలు వలయును. బీభత్సచిత్రములు చూపి పసిమనస్సులను జడిపింపరాదు. అవి భయమును కలిగించునేగాని వివేకమును పెంపవు. ఒక జాతిమీద ద్వేషమును నూరిపోయరాదు; శత్రువు చేసినదానిని తూచిన తక్కెడలోనే స్వపక్షము చేసినదానిని తూచుట విద్యార్థికి అలవడవలెను. నిజముగా అంతకన్న కష్టమైన పాఠము లేదు. అంతకన్న అవసరమైనదియు లేదు. కృపుడు ఆ రాత్రి మఱేమి చేయదగియుండెనని ఉపాధ్యాయు డడుగవలెను. రథ మెక్కకుండుట, పాండవులకు ముందుగా తెలుపుట, కనీసము పాఱిపోవువారికి దారి విడుచుట అని పిల్లలు తమంత తామే చెప్పగలరు. ఆజ్ఞకును అంతరాత్మకును నడుమ మనుష్యునకు ఎంచుకొను స్వాతంత్ర్యము కలదని బాల్యముననే గ్రహించినవారు, పెరిగి సైనికులైనను, అధికారులైనను, లేఖకులైనను, ఆ స్వాతంత్ర్యమును వినియోగింప గలుగుదురు. అందులకై ప్రతి ఉన్నతపాఠశాలలోను సౌప్తికపర్వకథను, ఆ రైలుమార్గపు చరిత్రను ఒకదానివెంట నొకటిగా బోధింపవలెనని ఉపాధ్యాయలోకమును మనసార అర్థించుచున్నాము.