మన బిడ్డలకు మన సీమను చూపుడు
కడప సీమలోని తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, గ్రామపెద్దలకును విన్నపము



పోరుమామిళ్లలో ఒక శిలాశాసనము కలదు. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఉదయగిరినుండి ఈ ప్రాంతమును పాలించుచు కట్టించిన అనంతరాజసాగరమను చెరువు వృత్తాంతమును క్రీ.శ. 1369లో సంస్కృతమున చెక్కించిన ఆ శాసనము, దాతను కీర్తించి ఊరకుండక, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండకూడని ఆరు దోషములను ఏకరువు పెట్టుచున్నది. కట్టనుండి నీరు కారుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల పొలిమేరపై చెరువుండుట, చెరువు గర్భమున మిట్ట లేచియుండుట, నీరు స్వల్పమై ఆయకట్టు విస్తారమగుట, నీరు విస్తారమై పొలము స్వల్పమగుట: ఇవి ఆ దోషములు. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును రెండేండ్లు పనిచేయగా చెరువు పూర్తియైనదనియు అందు వ్రాసియున్నది. ఆ చెరువు నేటికిని ఉన్నది. దాని కట్టమీదుగా నిత్యము బడికి పోవు బిడ్డ ఈజిప్టు పిరమిడ్ల కొలతలను కంఠస్థము చేసి ఒప్పగించునే గాని, తన కాలిక్రింది కట్టకు ఇంతటి శాస్త్రము ఆధారమని ఎరుగకయే చదువు ముగించుచున్నది. ఆ లోపము బిడ్డది కాదు, మనది.

కావున మేము కోరునది ఇది. నెలకొక శనివారమున, ఆరవ తరగతి మొదలు తొమ్మిదవ తరగతి వరకు గల విద్యార్థులకు, ఊరి పొలిమేరలోనే, నడిచి పోగల దూరమున, పాఠశాల ఆరుబయట జరుగవలెను. ఆనాడు నేర్చినదంతయు పిల్లలు తమ చేతివ్రాతతో ఒక ఊరిపుస్తకమున ఎక్కింపవలెను. ఆ పుస్తకము బడి గ్రంథాలయమున నిలువవలెను.

చెరువు పాఠము ఎట్లుండవలెనో చూడుడు. వర్షములు వెలిసిన పిదప పిల్లలు కట్టమీద నడిచి అడుగులతో దాని పొడవు కొలుతురు. తూము ఎక్కడ, అలుగు ఎక్కడ, ఏ వాగునుండి నీరు వచ్చి ఏ కాలువలలో పడి ఏ పొలములకు పోవునో పటము గీతురు. నీరుగంటి పని చేసిన వృద్ధుని పిలిచి, కరవునాడు నీటిని ఏ వరుసను పంచెడివారో అడుగుదురు. అటుపిమ్మట శాసనములోని ఆరు దోషములను ఒక్కొక్కటిగా తమ ఊరి చెరువునకు అన్వయించి, పూడిక ఎంత పేరుకొన్నది, ఊట ఎక్కడ కారుచున్నది పరీక్షింతురు. ఇందు గణితము లేదా? భూగోళము లేదా? చరిత్ర లేదా? పదునాలుగేండ్ల బాలిక తన ఊరి చెరువునకు గల దోషమును కొలతలతో వ్రాసి పంచాయతీ సభలో చదివిననాడు, పౌరధర్మమును వేరుగా బోధింపనక్కరలేదు.

చెరువొక్కటియే కాదు. కలమళ్ల చెన్నకేశవాలయ ప్రాంగణమున రేనాటి చోళుడగు ధనంజయుని నాటి శాసనము కలదు, సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించిన ఆ రాయి, తెలుగు వాక్యమును మనకు చూపు శిలలలో మిక్కిలి ప్రాచీనమైనది. ఆ లిపిలో తమ పేరులోని అక్షరములను వెదకి చూచి వ్రాసికొన్న పిల్లవానికి భాషయొక్క వయస్సు వేళ్లకు తెలియును. గండికోటలో ఎర్రమల కొండలను చీల్చుకొని పారు పెన్న, మాధవరము మగ్గములమీద పడుగు పేకల లెక్క, మన ఇండ్లకు కప్పులైన నాపరాళ్లు, ఇవియన్నియు పాఠములే.

లంకమల అడవిలోని కలివికోడి కథ మరింత గంభీరమైనది. 1900 తరువాత ఎవరికిని కానరాక నశించినదని శాస్త్రజ్ఞులు తలచిన ఆ పక్షి 1986లో మరల కనబడినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దానిని కనుగొన్నది అడవి నెరిగిన స్థానికుల తోడ్పాటుతోనే. అనగా లోకము పోగొట్టుకొన్నదనుకొన్న విద్య మన పల్లెవాని వద్ద ఉన్నది, అడిగినవారు లేకపోయిరి. రాత్రివేళ సంచరించు ఆ పక్షిని చూచుటకై పిల్లలను అడవికి తీసికొనిపోవుట తగదు. అయినను దాని ఉనికిని కనిపెట్టుటకు పరిశోధకులు వాడిన ఉపాయమును, అనగా నేలమీద సన్నని మట్టి పరచి మరునాడు అడుగుజాడలను చదువుటను, పిల్లలు తమ చేనిగట్టుననే చేయవచ్చును. ముంగిస, కుందేలు, నక్క, కౌజు ఏ దారిని పోయినవో ఆ మట్టియే చెప్పును.

ఏడాదికొకమారు బస్సులో దూరపు ఆనకట్టకు తీసికొనిపోవు విహారయాత్రలు ఉన్నవి గదా యందురు. ఆ యాత్రలు డబ్బు కట్టగలవారికే. కట్టలేని బిడ్డ ఆనాడు ఇంట కూర్చుండును. నడిచి పోవు పాఠమునకు రుసుము లేదు. పరీక్షలకు భంగమందురు: 2020 జాతీయ విద్యావిధానము ఆరు నుండి ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పది దినములు పుస్తకసంచి లేకుండ స్థానిక వృత్తివిద్యల నెరిగినవారి వద్ద నేర్చుకొనవలెనని చెప్పియున్నది, కనుక మేము అడుగునది చదువునకు విరుద్ధము కాదు. భద్రత విషయమున శంక న్యాయమైనదే. నీటి అంచులకు పోవునప్పుడు తరగతికి నలుగురు తల్లిదండ్రులైనను వెంట నడువవలెను. అది లేనినాడు ఆ పాఠమును వాయిదా వేయవలెను.

బోధించు నేతగానికిని, నీరుగంటికిని, గొఱ్ఱెలకాపరికిని పంచాయతీ ఆ దినపు కూలిని తప్పక చెల్లింపవలెను. ఉచితముగా చెప్పించుకొన్న విద్యను పిల్లలు కూడ చులకనగా చూతురు. కొంగలు వచ్చు శ్రీకాకుళము తేలినీలాపురపు ఊరివారును, కొండపల్లిలో తెల్లపొణికి చెక్కు శిల్పులును, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులును తమ తమ జిల్లాలలో ఇట్టి కోర్కెనే కోరుదురుగాక.

మీ బడి యాజమాన్య కమిటీ తదుపరి సమావేశమున ఈ కోరికను తీర్మానముగా ప్రవేశపెట్టుడు. ఉత్తరువులకై ఎదురుచూడక, ఈ ఏట చెరువులో నీరుండగానే, మొదటి పాఠమును కట్టమీద జరిపించుడు.