దెబ్బ రాయని చీటీ

2024 డిసెంబర్‌లో సంగారెడ్డి సర్కారు దవాఖానకు ఒక రైతును తీసుకొచ్చారు. ఛాతీలో నొప్పి. చేతులకు బేడీలు. జైలు నుంచి వచ్చిన ఆ లగచర్ల గిరిజన రైతు ఫోటో రాష్ట్రమంతా చూసింది. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. జైలు అధికారి మీద సస్పెన్షన్ వేటు పడింది. బేడీలు కెమెరాకు దొరికాయి కాబట్టి అంత కదలిక వచ్చింది. మరి కెమెరాకు దొరకని దెబ్బలను ఎవరు చూడాలి?

లగచర్లలో ఫార్మా పరిశ్రమకు భూములిచ్చేది లేదని ప్రజలు తెగేసి చెప్పారు. 2024 నవంబర్ 11న అధికారుల మీద దాడి జరిగింది. ఆ వెంటనే అరెస్టులు మొదలయ్యాయి. ఠాణాలో కొట్టారని, మేజిస్ట్రేట్ ముందు నోరు విప్పొద్దని బెదిరించారని రైతుల పక్షాన ఆరోపణలు వచ్చాయి. దాడి చేసినవాళ్ల మీద కేసు పెట్టొద్దని ఎవరూ అనలేదు. కానీ కొట్టారా లేదా అన్నది నాయకుల ప్రెస్‌మీట్లలో తేలేది కాదు. అది తేల్చవలసింది డాక్టరు రాసే కాగితం.

చట్టం ఈ మాట సూటిగానే చెప్పింది. అరెస్టయిన మనిషిని ప్రభుత్వ వైద్యుడు పరీక్షించాలి. ఒంటి మీది గాయాలు, అవి సుమారుగా ఎప్పుడు తగిలాయో రాయాలి. ఆ నివేదిక ప్రతి అరెస్టయిన మనిషికి గానీ, అతను చెప్పినవాళ్లకు గానీ ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో ఇది 54వ సెక్షన్. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 53వది. కస్టడీలో ఉన్నన్నాళ్లూ 48 గంటలకొకసారి వైద్య పరీక్ష జరగాలని సుప్రీంకోర్టు డీకే బసు కేసులో 1996లోనే చెప్పింది.

మరి జరిగేదేమిటి? 2009 చలికాలంలో లాఠీ దెబ్బలు తిన్న దోస్తును మేము భుజాల మీద దవాఖానకు మోసుకుపోయినం. వీపంతా వాతలే. డాక్టరు అంగీ విప్పమనలేదు. గుమ్మంలో నిలబడ్డ పోలీసాయన దిక్కు ఒకసారి చూసి, "కింద పడ్డడు" అని రాసిండు. ఆ చీటీ పట్టుకొని మేము ఏ కోర్టుకు పోవాలె?

శరీరం అబద్ధం చెప్పదు, కానీ ఎక్కువ రోజులు ఆగి చెప్పదు. లాఠీ దెబ్బకు రెండు సమాంతర గీతలుగా రక్తం కమిలి, నడుమ పాలిన చార మిగులుతుంది. కింద పడితే అట్లా రాదు. కమిలిన చోట ఎరుపు నీలమై, ఆకుపచ్చై, పసుపై మాయమవుతుంది. అరికాళ్ల మీద కొడితే పైకి వాపు తప్ప పెద్దగా ఏమీ కనబడదు. ఫోరెన్సిక్ చదివిన వైద్యుడు వెతికితేనే దొరుకుతుంది. ఎట్లా వెతకాలో, ఏం రాయాలో ఇస్తాంబుల్ ప్రోటోకాల్ పేరుతో ప్రపంచ దేశాల వైద్యులు, న్యాయవాదులు 1999లోనే తయారుచేసి పెట్టారు. మన దేశం మాత్రం చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం చేసి, నేటికీ ఆమోదించలేదు.

రాయవలసిన నాడు రాయకపోతే ఏమవుతుందో ఉమ్మడి మెదక్ జిల్లాకు తెలుసు. 2023 జనవరి ఆఖర్లో గొలుసు దొంగతనం అనుమానంతో మెదక్ పోలీసులు ఒక కూలీని పట్టుకుపోయారు. తర్వాత వదిలేశారు. తనను ఎట్లా కొట్టారో అతను దవాఖాన మంచం మీద నుంచి వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీలో ప్రాణం పోయింది. అప్పుడు సస్పెన్షన్లు వచ్చాయి, హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2021లో అడ్డగూడూరు ఠాణాలో దళిత మహిళ చనిపోతే, పూడ్చిన శవాన్ని బయటికి తీసి మళ్లీ పోస్టుమార్టం చేయమని హైకోర్టు చెప్పవలసి వచ్చింది. బతికున్నప్పుడు ఒక్క కాగితం సరిగ్గా రాస్తే, మట్టి తవ్వే పని ఉంటుందా?

శాస్త్రం లేక కాదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 54 మంది కార్మికులు పోయారు. గుర్తుపట్టరాని శరీరాలను డీఎన్‌ఏ పరీక్షలతో పోల్చి, ఎక్కడి నుంచో బతుకుదెరువుకు వచ్చిన కార్మికుల కుటుంబాలకు అప్పగించారు. బూడిదలోంచి మనిషి పేరు తీయగలిగిన శాస్త్రానికి, బతికున్న మనిషి వీపు మీది వాత చదవడం కష్టమా?

డాక్టర్లనే తిట్టి లాభం లేదు. రిమాండుకు ముందు అర్ధరాత్రి ముందుకు తోసిన మనిషిని, పోలీసు పక్కనుండగా, డ్యూటీ డాక్టరు ఒక్కడే చూడాలి. అతనూ సర్కారు జీతగాడే, బదిలీకి భయపడేవాడే. అందుకే పోలీసును గది బయట నిలబెట్టే నియమం అమలు కావాలి. గాయాల బొమ్మ గీసి, ఫోటో తీసి, నివేదిక ప్రతి ఇంటివాళ్ల చేతికివ్వాలి. ప్రతి జిల్లా దవాఖానలో ఫోరెన్సిక్ వైద్యుడు పిలిస్తే పలకాలి. "దెబ్బలున్నాయా?" అని మేజిస్ట్రేటు అడగడం కాదు, ఆ కాగితం తెరిచి చూడాలి.

2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులకు చెప్పేదొక్కటే. నిజం రాసిన డాక్టరు మీద బదిలీ వేటు పడితే, అది మీ సంఘం సమస్యే. విద్యార్థులకు చెప్పేదీ ఒక్కటే. అరెస్టయిన దోస్తు కోసం ఠాణాకు పోయినప్పుడు బెయిలు సంగతి ఒక్కటే అడగకండి. మొదట ఆ చీటీ అడగండి. మనం రాష్ట్రం అడిగింది జెండా రంగు మార్చుకోవడానికి కాదు. ఠాణా గుమ్మంలో మన మనిషి మనిషిగా నిలబడడానికి.