సగం రంగు పడిన ఆకు

ఒక తరగతిలోని నలభై సైన్సు రికార్డులు తీసుకుని, మందార పువ్వు నిలువుకోత ఉన్న పేజీలను పక్కపక్కన పెట్టి చూడండి. నలభై పువ్వులూ ఒకటే పువ్వు! రేకులు ఒకే తీరుగా వంగి ఉంటాయి, కేసరాల గొట్టం ఒకే వైపు వాలి ఉంటుంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మ చూసి వేసినవి మరి ఇంకెలా ఉంటాయి? బడి ఆవరణలోని మందార చెట్టు దగ్గరకు పెన్సిలుతో వెళ్లినవారు ఆ నలభైమందిలో ఎందరు? ఈ అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే, సుమారు 250 ఏళ్ల నాటి ఒక ఓడ మీదికి మిమ్మల్ని తీసుకువెళ్లాలి.

ఆ ఓడ పేరు ఎండీవర్. కెప్టెన్ జేమ్స్ కుక్ నాయకత్వాన 1768 ఆగస్టు 26న ఇంగ్లండులోని ప్లిమత్ రేవు నుంచి అది బయలుదేరింది. 1769 జూన్ 3న శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా సాగిపోతుంది. దానిని తాహితి ద్వీపం నుంచి పరిశీలించడం ఆ యాత్రలో ముఖ్యమైన పని. ఓడలో జోసెఫ్ బ్యాంక్స్ అనే ధనిక యువకుడు కూడా ఉన్నాడు. అతనికి మొక్కలంటే ప్రాణం. జీతమిచ్చి ఇద్దరు చిత్రకారులను వెంట తెచ్చుకున్నాడు. మనుషులనూ ప్రదేశాలనూ గీయడానికి అలెగ్జాండర్ బకన్, మొక్కలనూ జంతువులనూ గీయడానికి సిడ్నీ పార్కిన్సన్. తాహితి చేరిన కొద్దిరోజులకే బకన్ మరణించాడు. అతని పని కూడా పార్కిన్సన్ మీదనే పడింది. అప్పటికి పార్కిన్సన్‌కు ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో!

తాహితిలో ఈగల బెడద ఎంతటిదంటే, కాగితం మీద వేసిన రంగును వేసినట్లే అవి తినేసేవి. చివరికి బల్లకూ కుర్చీకీ చిత్రకారుడికీ కలిపి దోమతెర కట్టవలసి వచ్చింది. ఆస్ట్రేలియా తీరం చేరాక వచ్చిన చిక్కు వేరు. మొక్కలు కుప్పలుగా వచ్చి పడసాగాయి. తడిగుడ్డలు చుట్టి రేకు పెట్టెల్లో ఉంచినా అవి ఎన్నాళ్లని వాడకుండా ఉంటాయి? వాడితే రంగు పోతుంది, ఎండితే ఆకారమే మారిపోతుంది. 1770 ఏప్రిల్, మే నెలల్లో 14 రోజుల వ్యవధిలో పార్కిన్సన్ 94 బొమ్మలు గీశాడు. అంటే రోజుకు దాదాపు ఏడు!

అన్నిటికీ పూర్తిగా రంగులు వేయడం అసాధ్యం. అందుకని అతడు ఒక ఉపాయం చేశాడు. మొక్క మొత్తాన్నీ పెన్సిలుతో గీసేవాడు. ఒక ఆకుకో, ఆకులో కొంత భాగానికో, ఒక పువ్వుకో మాత్రం సరిగ్గా రంగు వేసేవాడు. మిగిలిన భాగాల రంగులేమిటో కాగితం వెనుక రాసి పెట్టేవాడు. ఇంటికి వెళ్లాక తీరిగ్గా పూర్తి చేయాలని అతని ఆలోచన.

ఆ తీరిక అతనికి దొరకలేదు. మరమ్మతుల కోసం ఓడ బటావియాలో, అంటే నేటి జకార్తాలో, ఆగినప్పుడు రోగాలు చుట్టుముట్టాయి. 1771 జనవరి 26న, తిరుగు ప్రయాణంలో, పార్కిన్సన్ రక్తవిరేచనాలతో మరణించాడు. అతని దేహాన్ని సముద్రంలోనే విడిచారు. పూర్తయిన బొమ్మలు 270 లోపే; గీతల్లోనే మిగిలిపోయినవి 670కి పైగా.

అయినా ఆ పని ఆగలేదు, చూడండి! లండన్‌లో బ్యాంక్స్ నియమించిన చిత్రకారులు ఆ మొక్కలను బతికుండగా చూసినవారు కారు. పార్కిన్సన్ గీతలు, సగం రంగు పడిన ఆ ఆకులు, వెనుక రాసిన మాటలు, ఎండిన నమూనాలు - వీటి ఆధారంతోనే వారు రంగు బొమ్మలు తయారుచేశారు. ఆ తరువాత 743 రాగి పలకలు చెక్కారు. బ్యాంక్స్ వాటిని ప్రచురించకుండానే 1820లో కన్నుమూశాడు. 1980-90 మధ్య, వాటిలో 738 పలకలను రంగుల్లో ముద్రించారు.

ఇదే యాత్రలో పార్కిన్సన్ కంగారూను కూడా పెన్సిలుతో గీశాడు. కొద్దిపాటి గీతలు, అంతే. ఇంగ్లండులో పేరుమోసిన జార్జ్ స్టబ్స్ 1772లో, ఓడ తెచ్చిన తోలు ఆధారంగా, కంగారూ వర్ణచిత్రం వేశాడు. నిండుగా, అందంగా ఉంటుంది. కాని ఆయన బతికున్న కంగారూను చూడలేదు. చిత్రకళకు బహుమతి ఇవ్వాలంటే స్టబ్స్‌కే ఇవ్వండి. సైన్సు రికార్డుకు మార్కులు వేయమంటే మాత్రం నేను పార్కిన్సన్‌కే వేస్తాను.

"మాకు బొమ్మలు రావండీ" అంటారు మీలో కొందరు. "కెమెరా ఉండగా బొమ్మ దేనికి?" అంటారు మరికొందరు. కెమెరా తన ముందున్నదంతా పట్టుకుంటుంది, నిజమే. కాని గీసేటప్పుడు ఆకు అంచుకు ఎన్ని పళ్లున్నాయో మీ కన్ను లెక్కపెట్టక తప్పదు. ఇక ఉపాధ్యాయులకు నా విన్నపం: గీత వంకరగా ఉన్నా, రంగు సగమే పడినా, "వేరు నేను చూడలేదు" అని పిల్లవాడు పక్కన రాసి ఉంటే, ఆ పేజీకి మార్కులు తగ్గించకండి.

బోగన్‌విల్లా, అదే కాగితంపూల తీగె, చాలా బళ్ల గోడల మీద ఉంటుంది. బ్రెజిల్‌లోని రియో దగ్గర దొరికిన దానిని పార్కిన్సన్ కూడా గీశాడు. ముందు జ్ఞాపకం మీద ఒక బొమ్మ గీయండి. తరువాత రెమ్మను దగ్గరగా చూసి మరొకటి గీయండి. రంగురంగులుగా ఉన్నవి రేకులు కావు, పుచ్ఛాలు. అసలు పూలు వాటి మధ్యన సన్నని గొట్టాల్లా ఉంటాయి. మీ మొదటి బొమ్మలో అవి ఉన్నాయా?