చూపు నుంచి కిడ్నీ దాకా...

కంచిలిలో రైలు దిగితే స్టేషన్ బోర్డు మీద కనిపించేది 'సోంపేట' పేరే. ఆ పేరు కెనడాలోని కాల్గరీ నగరం దాకా వెళ్లింది. తీసుకెళ్లింది సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి వైద్యుడు బెన్ గల్లిసన్. శుక్లాలు తీస్తే చూపొస్తుంది. తీయించుకునే స్తోమతే పేదలకు లేదు. 1963లో ఆయన కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌ను సాయం అడిగారు. అలా పుట్టిన సేవాసంస్థే 'ఆపరేషన్ ఐసైట్'.

ఆసుపత్రులకిచ్చే విరాళాలది రెండు దారులు. ఒకటి వైద్యం... మందులు, ఆపరేషన్లు. కట్టు విప్పగానే ఫలితం తెలిసిపోతుంది. రెండోది పరిశోధన... ప్రయోగశాలలు, నమూనాల పరీక్షలు, శాస్త్రవేత్తల జీతాలు. ఫలితానికి ఏళ్లు పట్టొచ్చు.

హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి రెండు దారుల్లోనూ నడుస్తోంది. సినీ దర్శకుడు ఎల్వీ ప్రసాద్ స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. ఉన్నవారు కట్టే ఫీజు, దాతల సొమ్ము కలిసి లేనివారికి ఉచిత వైద్యమవుతోంది. పరిశోధనా అక్కడే సాగుతోంది. అక్కడి కంటి క్యాన్సర్ విభాగానికి 'ఆపరేషన్ ఐసైట్' పేరే పెట్టారు.

ఈ రెండో దారి విలువ ఉద్దానానికి చెప్పక్కర్లేదు. కంచిలి, కవిటి, సోంపేట పల్లెల్లో కిడ్నీ జబ్బు ఇంటిల్లిపాదినీ కుంగదీసింది. డయాలసిస్ ప్రాణం నిలుపుతుంది గానీ జబ్బెందుకొస్తోందో చెప్పదు. పలాసలో 2023 డిసెంబరులో ప్రభుత్వం 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించింది అందుకే. అసలు కారణం ఇంకా తేలలేదు. అది తేలితేనే రేపటి పిల్లలకు డయాలసిస్ మంచం తప్పేది. అందుకే, ఆసుపత్రికి విరాళమిచ్చేవారు మందుల ఖర్చుతో పాటు పరిశోధన పద్దునూ గుర్తుంచుకోవాలి!